లైనంతటికీ ఒక్కటే జ్వరం

నా చిన్నప్పుడు మా లైన్లో మగవాళ్లకు ఏ జబ్బు చేసినా టైఫాయిడే చేసేది. అది కూడా ఇంగ్లీషులోనే చేసేది. ఒంట్లో ఎవరికీ ఏమీ ఉండేది కాదు.

లైను అంటే గోదావరిఖనిలో బాయి పనివాళ్లకు కట్టించిన క్వార్టర్ల వరస. బొగ్గు గనిని మేము బాయి అంటాం. ఆ వరసలో ఉన్నవాళ్లంతా చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన రైతుబిడ్డలే. ఊళ్లో నాట్లు పడ్డా, మేనత్త కూతురి పెళ్లి పెట్టుకున్నా సెలవు అడక్కుండానే బస్సెక్కేవాళ్లు. తిరిగొచ్చేసరికి ఆఫీసు నుంచి ఒక కాయితం వచ్చి కూర్చునేది. ఇన్ని రోజులు డ్యూటీకి ఎందుకు రాలేదో మూడు రోజుల్లో రాసివ్వు, లేకపోతే నీ మీద చర్య తీసుకుంటాం అని దాని సారాంశం. జవాబు ఇంగ్లీషులోనే ఉండాలని ఎవరూ చెప్పలేదు. తెలుగులో రాసిస్తే తీసుకోమని కూడా ఎవరూ అనలేదు. కాని ఇంగ్లీషులో రాస్తేనే దొర కళ్లజోడు పెట్టుకుని చదువుతాడని మా లైనంతటి నమ్మకం.

అందుకోసం మా దగ్గర ఒక తల్లి కాయితం ఉండేది. చివరింటి పెద్దమ్మ సందూకలో, పెళ్లిచీర మడతల కింద. దాన్ని ఎప్పుడు ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. అందులో పది పన్నెండు వాక్యాలు. టైఫాయిడ్ వచ్చింది, డ్యూటీకి రాలేకపోయాను, దయచేసి క్షమించండి, ఇక ముందు ఇలా జరగదు అని. ఎవరికి ఆఫీసు కాయితం వచ్చినా పెద్దమ్మ సందూక తెరిచేది. పేరు, బాయిలో ఇచ్చిన బిళ్ల నంబరు, తేదీలు మార్చి మిగతాదంతా ఉన్నదున్నట్టు దించెయ్యడమే.

ఆ దించే పని నాది. తొమ్మిదో తరగతి, తెలుగు మీడియం. నా దస్తూరి గుండ్రంగా ఉండేది. రాసిచ్చినందుకు ఉడకబెట్టిన మక్కగుడాలో, నాలుగు సకినాలో చేతిలో పెట్టేవాళ్లు. పిల్లకు ఇంగ్లీషు మస్తు వస్తది అనేవాళ్లు. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఆ కాయితంలో సగం మాటలకు నాకు అర్థం తెలియదన్న సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఒంటిపూట బడులు మొదలైన ఎండాకాలంలో ఆ ఆఫీసు కాయితం మా ఇంటికే వచ్చింది. మా బాపు పేరు మీద. పదమూడు రోజులు డ్యూటీకి రాలేదట.

మా అమ్మ నమ్మలేదు, నేను నమ్మలేదు. మా బాపు మందితో పాటు ఊళ్లు తిరిగే మనిషి కాదు. ఆ పదమూడు రోజులూ ఆయన పొద్దున్నే సద్దిగిన్నె పట్టుకుని, నెత్తికి టోపీ పెట్టుకుని వెళ్లడం మా కళ్లతో చూశాం. నాలుగు గంటలకు తిరిగొచ్చి స్నానం చెయ్యడమూ చూశాం. మరి ఆ మధ్యలో ఎక్కడున్నాడు? అమ్మ అడిగితే బాపు మంచం మీద గోడవైపు తిరిగి, "జరం వచ్చిందని రాయి బిడ్డా" అన్నాడు, నాతో.

"జరమొచ్చినోనివి సద్దంత ఎట్ల తిన్నవు? గిన్నె నాకినట్టు వచ్చేది గద!" అంది అమ్మ.

అమ్మ తేల్చేసింది, మామిడితోటలో పత్తాలాటకు, అంటే పేకాటకు, పోతున్నాడని. నేనూ అదే అనుకున్నాను. అనుకుని ఊరుకున్నానా, ఒళ్లంతా మండిపోయింది. అంతకు ముందే ఒకసారి, నాయనమ్మ పోయినప్పుడు, ఆయనకు ఇలాంటి కాయితం వచ్చి ఉంది. ఇది రెండోది. ఈసారి జవాబు నచ్చకపోతే పని పోతుందని కాయితం తెచ్చినాయన చెప్పాడు. పని పోతే క్వార్టరూ పోతుంది. మా వెనక లైన్లో ఒకాయన పని పోతే వాళ్ల మంచాలు, గాబు, కోళ్లగంప ట్రాక్టరులో ఎక్కించుకుని వెళ్లడం నేను చూశాను. ఆ పిల్లలు నా బళ్లోనే చదివేవాళ్లు, మర్నాటి నుంచి రాలేదు. పత్తాల కోసం మా బతుకు కూడా ట్రాక్టరు ఎక్కుతుందా అని నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపుతోనే తల్లి కాయితం తెచ్చి దించాను.

రెండో కాయితం కదా, టైపు కొట్టించి ఇస్తే మర్యాదగా ఉంటుందంది అమ్మ. బజారులో టైపు చాచా ఉన్నాడు. మా బాయిలోనే లాంప్ రూంలో, అంటే లోపలికి దిగేవాళ్లకు టోపీబత్తులు ఇచ్చే చోట, చాలా ఏళ్లు పనిచేసి రిటైరై, రెండు పాత మిషన్లతో టైపు నేర్పే కొట్టు పెట్టుకున్నాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా మాతో మా తెలుగే మాట్లాడేవాడు. మా ఇంటి నుంచి ఆయన కొట్టుకు అరగంట నడక. నడిమధ్యాహ్నం, దారంతా బొగ్గు లారీల దుమ్ము.

చాచా నా కాయితం చదివాడు. ఎర్ర పెన్సిలు తీసి ఒక చిన్న మాట చుట్టూ సున్నా చుట్టాడు. "గిది మంచిగ చేసుకొని రా బేటీ" అని తిరిగి ఇచ్చేశాడు. అంతే. తప్పేమిటో చెప్పలేదు.

బయటికొచ్చి చూశాను. యాబ్సెంట్ టు డ్యూటీ అని నేను రాసిన చోట ఆ 'టు' చుట్టూ సున్నా. ఇందులో తప్పేముంది? డ్యూటీకి రాలేదు. 'కి' అంటే టు. లైనంతా ఏళ్ల తరబడి అలాగే రాసిచ్చింది, ఏ దొరా ఏమీ అనలేదు. అయినా సరే అని సాయంత్రం దాన్ని కొట్టేసి 'ఫర్' అని పెట్టి మొత్తం కాయితం మళ్లీ రాసి తీసుకెళ్లాను. చాచా చదివాడు, మళ్లీ సున్నా చుట్టాడు, మళ్లీ ఇచ్చేశాడు. దారిలో చెప్పు తెగింది. ఒక చెప్పు కాలికి, ఒకటి చేతిలో పట్టుకుని ఇల్లు చేరాను.

మర్నాడు బళ్లో ఇంగ్లీషు సారును అడిగాను. పోర్షను అయిపోయింది, అవన్నీ పై తరగతిలో వస్తాయి పో అన్నాడు. మధ్యాహ్నం 'ఎట్' అని రాసి పట్టుకెళ్లాను. సున్నా. అక్కడే అరుగు మీద కూర్చుని 'ఆన్' అని దిద్ది ఇచ్చాను. దానికీ సున్నా. ఇంటికొస్తే బాపు అదే మంచం, అదే గోడ. నా కాళ్లు బొబ్బలెక్కుతుంటే ఈయన ఒక్క మాటైనా అడగడే అని పళ్లు కొరుక్కున్నాను. నాకు తోచిన చిన్నమాటలన్నీ అయిపోయాయి. ఇప్పటికీ ఆ రెండు రోజులు తలచుకుంటే నాకు ఆ ఎర్ర పెన్సిలు విరిచెయ్యాలనిపిస్తుంది.

మూడోరోజు మధ్యాహ్నం కాయితాన్ని చాచా మిషను మీద విసిరినట్టే పెట్టాను. మర్నాడు పొద్దున పదింటికల్లా ఆఫీసులో ఇవ్వాలి. "మీకు తెలుసు గద చాచా! ఒక్క మాట చెప్తె మీ నోటి ముత్యాలు రాలుతయా? రేపు మా బాపు పని పోతది. మేము యాడికి పోవాలె?" అని అరిచాను. టైపు నేర్చుకునే పిల్లలు కొట్టడం ఆపి నావైపు చూశారు. పెద్దవాళ్లతో నేనలా మాట్లాడటం అదే మొదటిసారి.

చాచాకు కోపం రాలేదు. మిషను మీద గుడ్డ కప్పి, "నడు, జల్ది. షిఫ్టు మారే టైమైంది" అని నన్ను సైకిలు వెనక ఎక్కించుకున్నాడు.

తీసుకెళ్లింది మా బాపు పనిచేసే బాయి లాంప్ రూంకు. పాతమనిషి కాబట్టి గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. పెద్ద కిటికీ, లోపల అరల్లో వరసగా బత్తులు, ఒక్కోదానికి ఒక్కో నంబరు. రెండో షిఫ్టు వాళ్లు వరసలో వస్తున్నారు. ఒక్కొక్కరు తన ఇత్తడి బిళ్ల కిటికీలో ఇస్తే, లోపలున్నాయన ఆ నంబరు బత్తే తీసి ఇచ్చి, ఖాళీ అయిన చోట ఆ బిళ్ల తగిలిస్తున్నాడు. ఆలస్యమైన ఒక కుర్రవాడు, "ఏదో ఒకటి ఇయ్యి అన్న, అన్నీ ఎలుగుతయి గద" అన్నాడు. లోపలాయన వాడిని తిట్టిన తిట్లు నేనిక్కడ రాయలేను.

"సూసినవా బేటీ? షిఫ్టు అయినంక ఏ బత్తి తిరిగి రాలేదో సూస్తరు. గా నంబరు మనిషి కోసమే లోపల దేవులాడుతరు, దొరికెదాక ఎతుకుతరు. నువ్వు వేరేటోని బత్తి పట్టుకపోయినవనుకో, నీకోసం ఎవరు దేవులాడుతరు?" అన్నాడు చాచా. "యాబ్సెంట్ అన్న మాటకు ఫ్రమ్ అన్న బత్తి ఉన్నది. ఎందుకంటె నాకెరుక లేదు. దాని నంబరు గది, గంతే."

ఈ ముక్క చెప్పడానికి మూడు రోజులు తిప్పి, ఎండలో సైకిలు మీద ఇంత దూరం తీసుకురావాలా! నాకు తల తిరిగిపోయింది. ఏమంటానో నాకే తెలియదు, ఇంతలో లోపలాయన నన్ను పోల్చుకుని మా బాపు పేరు చెప్పి, "ఆయిన బిడ్డవేనా?" అని అడిగాడు. అవునన్నాను. ఆయన చేయి చాపి ఒక అర చూపించాడు. నూట పద్దెనిమిది. బత్తి అక్కడే ఉంది, తుడిచిపెట్టినట్టు శుభ్రంగా.

"రోజొస్తడమ్మా మీ బాపు" అన్నాడాయన. "అందరి లెక్కనే లైన్ల నిలబడతడు. వంతు రాంగనే బిళ్ల తీస్తడు. చేతిల పట్టుకొని జరసేపు దాన్నే సూస్తడు. ఎనుకకు మర్లిపోతడు. నేను బత్తి తీసి కిటికీల పెడుతనే ఉన్న, పదమూడు దినాలు."

నేను చాచా వైపు చూశాను. ఆయన నా వైపు చూడకుండా సైకిలు గంట గుడ్డతో తుడుస్తున్నాడు. ఆయనకు ముందే తెలుసు. లాంప్ రూం సంగతి ఏదీ ఆయన చెవి దాటిపోదు. మొదటి రోజే చెప్పొచ్చు కదా అని తర్వాత ఎప్పుడో అడిగితే, "నేను చెప్తె నువ్వు వింటుంటివి. గా టైఫాయిడ్ కాయితం మాత్రం ఇడువకపోతుంటివి" అన్నాడు. ఆ మాట నిజమే అయినా నా కాళ్ల బొబ్బలు అబద్ధం కావు.

అప్పటికి నెల ముందు, బాపుతో జోడీగా పనిచేసే మనిషి మీద పైనుంచి బండ జారి కాలు నుజ్జయింది. బాపే ఆయన్ను లాగి బయటికి తెచ్చాడట. ఆ రోజు ఇంటికొచ్చి, "ఏం గాలే, కాలు ఇరిగింది, అతుక్కుంటది" అని చెప్పి మామూలుగా అన్నం తిన్నాడు. మేమూ మామూలుగానే మర్చిపోయాం. సైకిలు మీద తిరిగొస్తుంటే ఇవన్నీ ఒకటొకటిగా గుర్తుకొచ్చాయి. సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది, మాతో ఒక్క మాట అనకుండా పదమూడు రోజులు నాటకమాడినందుకు.

ఇంటికెళ్లి బాపు మంచం పక్కన నిలబడి, "లాంప్ రూంకు పోయొచ్చిన" అన్నాను. బాపు లేచి కూర్చున్నాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి వచ్చింది. బాపు, "బత్తి నెత్తికి పెట్టుకుందామంటె నెత్తి మీది బండనే కనవడుతున్నది బిడ్డా. కాళ్లు వస్తలేవు" అన్నాడు. కిటికీ దగ్గర నుంచి మర్లి రోజూ దవాఖానకు పోయేవాడట. జోడీ మంచం పక్కన కూర్చుని, సద్ది ఇద్దరూ పంచుకుని తిని, నాలుగింటి దాకా ఉండి వచ్చేవాడట. గిన్నె నాకినట్టు ఎందుకుండేదో అమ్మకు అప్పుడు అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నిజం రాస్తానన్నాను. వద్దన్నాడు. మగవాడు భయపడ్డాడని కాయితం మీద రాసిస్తే బాయంతా నవ్వుతుందన్నాడు. జ్వరమైతే ఎవరూ నవ్వరన్నాడు. అప్పుడు మా అమ్మ, ఆయన్ను మూడు రోజులుగా తిడుతున్న మా అమ్మ, "నవ్వనీ. నవ్వెటోడు మన గిన్నెల కూడు పెడుతడా? నువ్వు రాయి బిడ్డా" అంది.

రాయడానికి కూర్చున్నాక తెలిసింది నా ఇంగ్లీషు బండారం. దించడానికి ముందర ఏ కాయితమూ లేదు. ఒక్కో వాక్యానికి అరపేజీ కొట్టేశాను. చెప్పాల్సింది కళ్ల ముందు ఉంది, చేతికి మాట రాదు. పెన్ను పాళీ నేలకేసి కొట్టాను. దీపాలు పెట్టే వేళకు నాలుగు వాక్యాలు అయ్యాయి. ఫలానా తేదీ నుంచి నేను డ్యూటీకి రాలేదు. నా జోడీ మీద బండ పడింది. ప్రతిరోజూ లాంప్ రూం దాకా వచ్చాను, బండకు భయపడి తిరిగిపోయాను. నాకు పని కావాలి, కొన్ని రోజులు పైన పని ఇప్పించండి. మొదటి వాక్యంలో యాబ్సెంట్ పక్కన ఫ్రమ్ పెట్టాను. అఫ్రెయిడ్ అన్న మాటకు ఏ బత్తి రాసిపెట్టి ఉందో నాకు తెలియదు. అక్కడ ఖాళీ వదిలేశాను.

పొద్దున్నే చాచా కొట్టు తెరవకముందే వెళ్లి నిలబడ్డాను. ఆయన చదివి, ఆ ఖాళీలో ఎర్ర పెన్సిలుతో 'ఆఫ్' అని తనే రాశాడు. సున్నా చుట్టలేదు. నేను అడగనూ లేదు. టకటకా కొట్టి, ఒకటి బాపుకు, కార్బన్ కాపీ నాకు ఇచ్చాడు.

బాపును ఆఫీసుకు పిలిచారు. ముప్పావుగంట లోపలున్నాడు. మందలించి, ఇంకోసారి ఇలా చేస్తే ఊరుకోమని మరో కాయితం చేతికిచ్చి, నాలుగు నెలలు బాయి బయట పని వేశారు. పని పోలేదు. నాలుగు నెలల తర్వాత ఒకరోజు పొద్దున ఎవరూ చెప్పకుండానే బాపు బిళ్ల ఇచ్చి బత్తి తీసుకుని దిగాడు. ఆ రోజు ఆయన తిరిగొచ్చేదాకా అమ్మ వాకిట్లోనే కూర్చుంది, కూరగాయలు కోస్తున్నట్టు.

ఇక్కడితో కథ సుఖాంతమైతే బాగుండేది. మా లైను ఊరుకుంటుందా? టైఫాయిడ్ కన్నా ఇది మంచిగ పనిచేసిందని తెలిసిపోయింది. వానాకాలం నాట్లకు పోయొచ్చిన ఇద్దరు మా ఇంటి ముందు నిలబడి, "మాకు గూడ బండ పడ్డదని రాయి బిడ్డా" అన్నారు. చివరింటి పెద్దమ్మ ఆ కార్బన్ కాపీ అడిగింది, సందూకలో భద్రంగా పెడతానని. ఇవ్వనన్నాను. మీకేమైందో చెప్పండి, అదే రాస్తానన్నాను. ఏమైందేముంది, నాట్లైనయి అన్నారు. నాట్లయ్యాయనే రాస్తానన్నాను. పిల్లకు పొగరెక్కిందని వెళ్లిపోయారు. ఆ ఏడు మక్కగుడాలు లేవు, సకినాలు లేవు. పెద్దమ్మ దసరా దాకా నాతో మాట్లాడలేదు.

తర్వాత నేను చదువుకుని ఇంగ్లీషు టీచరునే అయ్యాను. మంథని వైపు, పెద్దపల్లి వైపు ముప్పై ఏళ్లకు పైగా చెప్పి పోయినేడే రిటైరయ్యాను. అన్నేళ్లూ పిల్లలు ఇచ్చిన సెలవు చీటీల్లో జ్వరం తప్ప మరో సంగతి లేదు. నాకెంత విసుగొచ్చేదో చెప్పలేను. అయినా ఎర్ర పెన్ను పక్కన పెట్టి, చీటీ మడిచి, ముందు పిల్లనో పిల్లవాణ్ణో దగ్గరికి పిలిచి ఏమైందని అడిగేదాన్ని. ఇంట్లో గొడవ, తోడు లేక ముసలవ్వ దగ్గర ఉండిపోవడం, బడంటే భయం, ఇలా ఏదో ఒకటి మెల్లగా బయటికొచ్చేది. మళ్లీ రాసుకురా, అది రాసుకురా అనేదాన్ని. ఫ్రమ్‌లు, ఆఫ్‌లు ఆ తర్వాత దిద్దేదాన్ని.

మా బాపు పోయి చాలా ఏళ్లయింది. ఆ కార్బన్ కాపీ నీలం రంగు వెలిసిపోయి నా దగ్గరే ఉంది. దాన్ని రాసిన సాయంత్రం, నాలుగు వాక్యాలూ తెలుగులో చెప్పి వినిపించాక, బాపు ఆ కాయితాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. బాగుందనలేదు, బాగాలేదనలేదు.

"గా కాయితంల నా నంబరు ఏసినవా?" అని అడిగాడు.

వేశానన్నాను. నూట పద్దెనిమిది.

"గట్లయితె నన్నే దేవులాడుతరు తియ్యి" అన్నాడు, గోడవైపు తిరగకుండా, నా వైపే చూస్తూ. నేను ఈ రోజుకీ ఏ కాయితం రాసినా, అది పాల చీటీ అయినా సరే, కింద పేరు పెట్టేముందు ఆ మాట గుర్తుచేసుకుని ఒకసారి మళ్లీ చదువుకుంటాను.